కొమాత్సునా ఊరి గుడిలో యాకుయోకె పూజ: నా అనుభవం

భోగి రోజు, అంటే 2025 జనవరి 13న, తోక్యోలో ఒక షింటో (జపాన్ వాళ్ల సొంత మతం) గుడికి వెళ్లి నా పేరు మీద యాకుయోకె, అంటే దోష నివారణ పూజ చేయించుకున్నాను. రెండు వారాలు గడిచాయి. వెళ్లేముందు ఎవరినైనా అడుగుదామంటే మన తెలుగువాళ్లలో చేయించుకున్నవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. ఇక్కడున్న ఇంకెవరికైనా పనికొస్తుందని, మర్చిపోకముందే రాస్తున్నాను.

మేముండేది ఎదోగావా వార్డులో, నిషికసాయ్‌లో. నాలుగో ఏడు నడుస్తోంది. చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు, పప్పులు, పిండ్లు అన్నీ దొరుకుతాయి. కొరతల్లా ఆకుకూరలకే. గోంగూర సీసాలో పచ్చడిగా దొరుకుతుంది కానీ కట్టగా దొరకదు. తోటకూర, బచ్చలి కోసం వెతికి వెతికి చివరికి అందరం చేరేది కొమాత్సునా దగ్గరికే. ముదురాకుపచ్చ ఆకులు, పొడుగాటి లేత కాడలు. పాలకూరలా ముందు ఉడికించి నీళ్లు పారబోయక్కర్లేదు, తరిగి నేరుగా పప్పులో వేసేయొచ్చు. మా ఇంట్లో వారానికి మూడు రోజులు కొమాత్సునా పప్పే.

దానికి మా ఇంట్లో పేరు పెట్టింది అమ్మమ్మ. మొదటి ఏడాది వీడియో కాల్‌లో కట్ట విప్పి చూపిస్తే, "కాడ విరిచి వాసన చూడవే" అంది. చూశాను. సన్నగా ఆవ ఘాటు. చెప్తే నవ్వి, "ఇది ఆవాకే చుట్టమేనే, దీనికి వేరే ఆవ పెట్టక్కర్లేదు" అంది. కోనసీమలో కంద బచ్చలికి, పనసపొట్టుకు ఆవ పెట్టి వండిన చెయ్యి ఆమెది. నిజంగానే రెండూ ఆవ కుటుంబానివేనని తర్వాత తెలిసింది. అప్పటినుంచి మా ఇంట్లో అది "అమ్మమ్మ ఆవాకు".

2024 నాకు అచ్చిరాలేదు. జూన్‌లో సైకిల్ మీంచి పడి కుడి మణికట్టు విరిగింది, అయిదు వారాలు కట్టు. సెప్టెంబర్‌లో పాపకి ఊపిరి అందక నాలుగు రోజులు హాస్పిటల్‌లో ఉన్నాం. నవంబర్ 18న అమ్మమ్మ పోయింది. పాపకి ఆ వారమే మళ్లీ జ్వరం. టికెట్లు చూశాను, కానీ ఆ పిల్లని వదిలి వెళ్లలేకపోయాను. కార్యక్రమమంతా ఫోన్‌లోనే చూశాను. నీళ్లు చల్లే చప్పుడు వినిపించేది, మధ్యలో నెట్ ఆగిపోయేది.

అమ్మ ఫోన్‌లో, "మకర రాశి కదే, ఏలినాటి శని చివర. మార్చి 29తో వదులుతుంది, ఓపిక పట్టు" అంది. అదే వారం మా కింద అంతస్తులో ఉండే పెద్దావిడ, డెబ్బై దాటినావిడ, లిఫ్ట్ దగ్గర కనిపించి నేను పుట్టిన సంవత్సరం అడిగింది. 1993 అన్నాను. వేళ్లు మడిచి లెక్కేసి, "వచ్చే ఏడాది నీకు 33. యాకుదోషి" అంది.

యాకుదోషి అంటే కీడు వయసు. ఆడవాళ్లకు 19, 33, 37, మగవాళ్లకు 25, 42, 61. ఆడవాళ్లకు 33, మగవాళ్లకు 42 మరీ గట్టివట. ముందు ఏడాదిని మాఎయాకు అని, తర్వాతి ఏడాదిని అతోయాకు అని అంటారు. అంటే మొత్తం మూడేళ్ల వ్యవహారం, మన ఏలినాటి శనికి చిన్న చెల్లెలు అనుకోండి. నాకింకా 31 నిండాయి, 33 ఎలా అవుతాయని అడిగాను. ఇందులో పాత లెక్క వాడతారట: పుట్టగానే ఒకటి, ఆపైన ప్రతి జనవరి ఒకటికి ఒకటి. నేను అక్టోబర్‌లో పుట్టాను కాబట్టి జనవరి రాగానే రెండేళ్లు ఎక్కువ వచ్చేస్తుంది.

సెత్సుబున్ (వాళ్ల లెక్కలో వసంతానికి ముందురోజు) లోపల, అంటే ఈసారి ఫిబ్రవరి 2 లోపల, గుడిలో యాకుయోకె చేయించుకోమని చెప్పింది ఆవిడ. ఏ గుడికి వెళ్లమంటారని అడిగితే నా చేతిలోని కూరగాయల సంచి వైపు చూసింది. "నువ్వు రోజూ కొనే ఆ ఆకుంది కదా, దాని గుడి మన వార్డులోనే ఉంది. షిన్‌కోయివా వైపు కతోరి జింజా. అక్కడికే వెళ్లు."

నాలుగేళ్లు ఆ ఆకు తిన్నాను. దానికో గుడి ఉందని ఆ రోజే తెలిసింది. ఆషాఢంలో బెజవాడ కనకదుర్గమ్మని ఆకుకూరలతో, కూరగాయలతో అలంకరించే శాకంబరి ఉత్సవం కళ్లలో మెదిలింది. అక్కడా అలాంటి అమ్మవారే ఉంటుందనుకున్నాను.

కథ వేరు. షోగన్‌లు, అంటే సైనిక పాలకులు, ఎదో (ఇప్పటి తోక్యో) నుంచి జపాన్‌ని ఏలిన కాలంలో ఎనిమిదో షోగన్ యోషిమునె 1719లో డేగలతో వేటకి ఈ చుట్టుపక్కల పొలాల్లోకి వచ్చాడట. మధ్యాహ్న భోజనానికి ఈ గుడిలో ఆగితే, పూజారి మోచి (జిగురు బియ్యపు ముద్ద) వేసిన పల్చటి చారులో ఊళ్లో పండే ఆకుకూర వేసి పెట్టాడట. షోగన్‌కి అది నచ్చి పేరేమిటని అడిగితే ప్రత్యేకంగా పేరేమీ లేదట. పక్కనున్నది కొమాత్సుగావా ఊరు కాబట్టి కొమాత్సునా అని పిలవమన్నాడట. 'నా' అంటే ఆకుకూర. షోగన్ యోషిమునె కాదు, అయిదో షోగన్ త్సునయోషి అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎవరైతేనేం, పేరు లేని ఊరి ఆకుకి గుడి భోజనం దగ్గర పేరొచ్చింది. గుడిలో ఉన్నది మాత్రం పంటల దేవత కాదు. ఫుత్సునుషి అనే కత్తి దేవుడు. చిబాలోని కతోరి జింగూ ఈ కతోరి గుళ్లన్నిటికీ పెద్ద.

జనవరి ఒకటినే వెళ్దామనుకున్నాం. డిసెంబర్ మొదటివారంలో ఆ మాట చెబితే పెద్దావిడ ముఖం మారిపోయింది. "మీ అమ్మమ్మ పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. షింటోలో చావు మైల. ఇంట్లోవాళ్లు పోతే 50 రోజులు తోరీ దాటకూడదు. తోరీ అంటే గుడి ముందుండే ద్వారం. అవ్వాతాతలకైతే అంత అక్కర్లేదని కొందరంటారట, ఆవిడ మాత్రం 50 అనే గట్టిగా అంది. అమ్మకి ఫోన్ చేస్తే, "పెళ్లయిన మనవరాలివి, నీకు స్నానంతో పోయింది, మైలేముంది" అని తేల్చేసింది.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మన లెక్కలో నాకు మైల లేదు, నిజమే. కానీ అమ్మమ్మ కోసం నేను ఏమీ చేయలేకపోయాను. కనీసం ఒక లెక్కలోనైనా ఆమెకోసం ఆగే రోజులు నాకున్నాయంటే, ఆగాలనిపించింది. నవంబర్ 18 నుంచి లెక్కేస్తే జనవరి 6కి 50 రోజులు. ఆ తర్వాత వచ్చే సెలవు జనవరి 13, సోమవారం, ఇక్కడ యువతీ యువకుల పండుగ రోజు. క్యాలెండర్ తిప్పితే మనకి భోగి! ఇంకేం ఆలోచించలేదు.

ముందురోజు కవరు పని పెట్టుకున్నాను. పూజకిచ్చే డబ్బు చేత్తో ఇవ్వకూడదు. ఎరుపు తెలుపు తాడు ముడి ఉన్న కవరులో పెట్టి, పైన 'హత్సుహోర్యో' అని, కింద మన పేరు రాయాలి. కవరు 110 యెన్, కుంచె పెన్ను ఇంకో 110, రెండూ వంద యెన్ షాపులోనే దొరికాయి. ఎంత పెట్టాలని గుడికి ఫోన్ చేస్తే 5,000 నుంచి అన్నారు. మడతలు లేని కొత్త నోటు ఉండాలి, బొమ్మ కవరు ముందువైపుకి రావాలి. జూలైలో వచ్చిన కొత్త 5,000 నోటు, త్సుదా ఉమెకో బొమ్మ ఉన్నది, మా ఆయన పర్సులో ఒకటి మిగిలింది. అదే పెట్టాం.

కవరు మీద ఆ మూడు అక్షరాలు రాయడానికి గంట పట్టింది. చిత్తుకాగితాలు పదకొండు అయ్యాయి. రెండో అక్షరం 'హో' దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఎడమవైపు ధాన్యం గుర్తు ఉంటుంది. అర్థం చూస్తే, 'హత్సుహో' అంటే ఏడాదిలో మొదట కోసిన వరి కంకులు. పూర్వం దేవుడికి వాటినే ఇచ్చేవారు, ఇప్పుడు వాటి బదులు డబ్బు. అమ్మమ్మ వాళ్ల వీధి అరుగు మీద, దూలానికి వేలాడే వరికంకుల కుచ్చు గుర్తొచ్చింది. కొత్త వడ్లు ఇంటికి రాగానే తాతయ్య పిచ్చుకల కోసం అల్లి కట్టేవాడు. ఆ తర్వాత రాసిన అక్షరం బాగా వచ్చింది, అదే కవరు మీదకెక్కింది.

13 పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, పైన పొడుగాటి కోటు వేసుకున్నాను. నిషికసాయ్ స్టేషన్ నుంచి షిన్‌కోయివా వెళ్లే సిటీ బస్సు, మనిషికి 210 యెన్, పాపకి టికెట్ లేదు. బస్సు నిండా పొడుగు చేతుల కిమోనోల్లో ఇరవయ్యేళ్ల అమ్మాయిలు. మా పాప ఒకమ్మాయి జడలోని పువ్వులకేసి చెయ్యి చాపింది, ఆ అమ్మాయి నా చీర అంచు చూసి "కిరేయ్", అందంగా ఉంది, అంది. వార్డు ఆఫీసు దగ్గర దిగాం. ఈ స్టాప్ నాకు బాగా తెలుసు. దేశంలోకి వచ్చిన మొదటి వారం అడ్రస్ రాయించుకోవడానికి, పాప పుట్టినప్పుడు, ఇన్సూరెన్స్ కార్డుకి, అన్నిటికీ ఇక్కడికే వచ్చాను. ఎప్పుడూ ఇక్కడినుంచే వెనక్కి వెళ్లిపోయాను. ఆ రోజు మొదటిసారి ముందుకి నడిచాం, పాప నడకతో ఇరవై నిమిషాలు.

10:40కి గుడి చేరాం. ఇళ్ల మధ్యలో, చెట్ల నీడలో ఉంది. తోరీ ముందు తలవంచి, నడిమి దారి వదిలి పక్కగా నడిచాం. మధ్యది దేవుడు నడిచే దారి. నీళ్ల తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, తర్వాత నోరు కడుక్కోవాలి. జనవరి నీళ్లు, వేళ్లు కొంకర్లు పోయాయి. ఆవరణలో 'కొమాత్సునా యుకారి నో సాతో' అని చెక్కిన రాయి ఉంది, కొమాత్సునాతో బంధమున్న ఊరు అని. మా పాప ఆ రాయి మీద చెయ్యి వేసి "పప్పు ఆకా?" అని అడిగింది. అవునమ్మా, ఆ ఆకే అన్నాను.

ఆఫీసు కిటికీలో ఒక ఫారం ఇచ్చారు. పేరు, అడ్రస్, పుట్టినతేదీ, వయసు, ఏ కోరిక. పేరు చదవడం తేలికవ్వాలని పైన కతకానాలో, అంటే పలికినట్టే రాసే జపనీస్ అక్షరాల్లో, రాయించుకుంటారు. ఇంటిపేరు ముందు రాయాలి. విదేశాల్లో మన పేర్లు తిరగేసి రాసుకోవడమే అలవాటైపోయింది, ఇక్కడ మన ఊళ్లో రాసినట్టే రాయొచ్చు. వయసు దగ్గర అలవాటుగా 31 అని రాశాను. కిటికీలో అమ్మాయి మెల్లగా కొట్టేసి 33 చేసి, నాకు చూపించి తలవంచింది. ముందే తెలిసినా ఆ అంకె చూస్తే గుండె కొంచెం కొట్టుకుంది. నేను హిందువుని, ఫరవాలేదా అని అడిగాను. ఆ అమ్మాయికి ప్రశ్నే అర్థం కానట్టు, "దయచేసి లోపల వేచి ఉండండి" అంది. ఆ ప్రశ్న గురించి నెల రోజులు టెన్షన్ పడ్డాను, ఇంతా చేస్తే అక్కడ అది ప్రశ్నే కాదు.

కాసేపు కూర్చున్నాం. నలభై రెండేళ్ల వరసలో ఉన్నట్టున్న మగవాళ్లు ఇద్దరు, ఒక ముసలి జంట, నెలల బిడ్డతో ఒక కుటుంబం. 11:25కి అందర్నీ కలిపి లోపలికి పిలిచారు. చెప్పులు విప్పాలి. మందపాటి మేజోళ్లు వేసుకెళ్లండి, చెక్క నేల మంచుముక్కలా ఉంటుంది. కోటు, మఫ్లరు కూడా లోపల తీసేయాలి. ఫోటోలు కూడదు.

ముందు డోలు. ఒక్కో దెబ్బకి కింద చెక్క అదిరింది, పాప నా ఒళ్లోకి దూరింది. తర్వాత అందరం తల వంచితే పూజారి తెల్లకాగితపు కుచ్చులున్న కర్రని ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి ఊపారు. కాగితాల చప్పుడు తల మీదుగా పోయింది, చేటలో బియ్యం చెరిగినట్టు. తల కొంచెం ఎత్తి చూస్తే దేవుడి ముందు తెల్లచెక్క పీటల వరస కనిపించింది. బియ్యం, ఉప్పు, సాకె (బియ్యపు సారా), చేప, ఆ పక్క పీట మీద ముల్లంగి, క్యారెట్, వాటి పక్కన కొమాత్సునా కట్ట ఒకటి. వేళ్లతో సహా ఉంది, మట్టి లేకుండా కడిగి, ఆకులన్నీ ఒకేవైపుకి సర్ది. మా వంటింటి గట్టు మీద ఎన్నిసార్లు చూశానో, అలాంటి కట్టే.

తర్వాత నొరితో, అంటే మంత్రం. పాత జపనీస్, సాగదీసి చదువుతారు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఉన్నట్టుండి అందులోంచి తెలిసిన మాటలు బయటికొచ్చాయి. తోక్యో తో, ఎదోగావా కు, నిషికసాయ్... మా వీధి అంకె, బిల్డింగ్ పేరు, ఫ్లాట్ నంబర్. ఆ వెంటనే మా ఇంటిపేరు, నా పేరు. 'ల' వాళ్ల నోట 'ర' అయింది, అయినా నా పేరే. అన్నవరంలో పూజారి గోత్రం అడిగి, నక్షత్రం అడిగి చదివినట్టే చదివారు. ఇక్కడ గోత్రం అడగలేదు, ఎక్కడుంటున్నావని అడిగారు. నాలుగేళ్లుగా ఆ అడ్రస్ బిల్లుల మీద, ఫారాల మీద తప్ప ఎక్కడా వినలేదు. దేవుడి ముందు ఎవరో దాన్ని పాడినట్టు చదువుతుంటే ఏడుపు ఆగలేదు. అమ్మమ్మ పోయిన రోజు కూడా ఫోన్ ముందు అంత ఏడవలేదు. మా ఆయన ఏమీ అనకుండా పాపని తన ఒళ్లోకి తీసుకున్నారు.

చివర ఒక్కో కుటుంబం నుంచి ఒకరు తమగుషి ఇవ్వాలి. సకాకి అనే పవిత్రమైన చెట్టు కొమ్మకి తెల్లకాగితం కట్టి ఇస్తారు. కుడిచేత్తో మొదలు పైనుంచి పట్టుకుని, ఎడమచెయ్యి ఆకుల కింద పెట్టి, గడియారం తిరిగినట్టు తిప్పి, మొదలు దేవుడివైపు ఉండేలా పీట మీద పెట్టాలి. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. నేను తిప్పడం మర్చిపోయాను. విరిగి అతికిన మణికట్టు చలికి బిగుసుకుపోయి, కొమ్మ అలాగే పట్టుకుని నిలబడ్డాను. పూజారి తన ఖాళీ చేతులతో గాలిలో తిప్పి చూపించారు, చూసి తిప్పాను. కళ్లు మూసుకుంటే కోరిక ఏమీ గుర్తురాలేదు. పాప పేరు, అమ్మమ్మ పేరు మాత్రం అనుకున్నాను.

మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. బయటికొచ్చేటప్పుడు తెల్ల సంచీ ఇచ్చారు: నా పేరు రాసిన చెక్క ఫుదా (పూజలో పెట్టుకునే పలక), చిన్న రక్ష, కొంచెం బియ్యం.

దారిలో ఇళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్, దాని ముందు మనిషి లేని బల్ల. తోక్యోలో కొమాత్సునా ఎక్కువ పండించే వార్డు ఇప్పటికీ ఇదే, ఇలాంటి బల్లలు అక్కడక్కడా కనిపిస్తాయి. కట్ట వంద యెన్, డబ్బాలో వేసి తీసుకోవడమే. చలికాలపు ఆకు, కాడ కొరికితే తియ్యగా ఉంది. ఎండాకాలం నెలరోజుల్లో చేతికొచ్చే ఈ కూర, చలిలో రెండు మూడు నెలలు పడుతుంది, ఆ చలికే తీపి పడుతుంది. మొత్తం ఖర్చు: పూజకి 5,000, కవరు, పెన్నుకి 220, బస్సుకి రానుపోను 840, ఆకుకి 100. అన్నీ కలిపి 6,160 యెన్, మన డబ్బుల్లో 3,400 రూపాయల దాకా.

సాయంత్రం పాపకి భోగిపళ్లు పోశాం. రేగుపళ్లు లేవు, బదులు చిన్న ద్రాక్షపళ్లు, నానబెట్టిన శనగలు, పూలరేకులు, ఒక్క యెన్ నాణేలు. గుడి బియ్యం మా బియ్యంలో కలిపి అన్నం వండి, ఆ కట్టతో పప్పు చేశాను. ఆవ పెట్టలేదు.

మర్నాడు పెద్దావిడ ఫుదా ఎక్కడ పెట్టావని అడిగింది. కంటి ఎత్తుకి పైన, తూర్పుకో దక్షిణానికో ముఖం ఉండాలట. మా పూజ అర తూర్పు ముఖమే. వెంకటేశ్వరస్వామి పటం పక్కన నిలబెట్టాను. ఏడాది తిరిగాక దాన్ని ఇంట్లో ఉంచకూడదు, గుడికి తీసుకెళ్లి ఇచ్చేస్తే వాళ్లు కాలుస్తారు. వచ్చే జనవరిలో అతోయాకు పూజకి ఎలాగూ వెళ్లాలి. అప్పుడు పట్టుకెళ్తాను. తమగుషి ఎటు తిప్పాలో ఇప్పుడు తెలుసు.